ఫోన్‌లో పొలం పటం: నెల్లూరు తీర ప్రాంత రైతులకు సూచనలు

నెల్లూరు తీర మండలాల్లో నాట్లు పడే కాలమూ తుఫాన్లు వచ్చే కాలమూ ఒకటే. అక్టోబరులో నారుమళ్లు పోస్తాం, నవంబరు, డిసెంబరు నెలల్లో నాట్లు వేస్తాం. ఈశాన్య రుతుపవనాల వర్షాలు, బంగాళాఖాతంలో వాయుగుండాలు సరిగ్గా ఆ రోజుల్లోనే వస్తాయి. 2015 నవంబరు వర్షాలు, 2020 నవంబరులో నివర్ తుఫాను, 2021 నవంబరులో పెన్నా వరద, 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను మన రైతులు మరిచిపోలేనివి. 2021లో పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, జాతీయ రహదారి తెగిపోయింది.

నీరు తీసిన తర్వాత ప్రతిసారీ అవే ప్రశ్నలు వస్తాయి. ఎవరి కయ్య మునిగింది, ఎంత మేర మునిగింది, ఎన్ని రోజులు నీరు నిలిచింది? ఈ ప్రశ్నలకు ప్రభుత్వం వైపు నుంచి ఇప్పుడు ఉపగ్రహ పటాలు కూడా సమాధానం చెబుతున్నాయి. రైతు వైపు నుంచి మాత్రం చాలాసార్లు నోటిమాటే ఉంటుంది. ఆ పటాల్లో చాలావరకు ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉన్నాయి, మన ఫోన్‌లోనే చూసుకోవచ్చు. అయితే వాటిని ఎంతవరకు నమ్మాలో, ఎక్కడ నమ్మకూడదో తెలియాలి. ఈ వ్యాసంలో ఆ సంగతులు, వానలకు ముందే రైతు తన పొలం పటం తానే తయారు చేసుకునే పద్ధతి వివరిస్తున్నాం.

జీఐఎస్ అంటే ఏమిటి?

భౌగోళిక సమాచార వ్యవస్థనే క్లుప్తంగా జీఐఎస్ అంటారు. పేరు పెద్దదే గాని విషయం మనకు కొత్తది కాదు. గ్రామ పటంలో సర్వే నంబర్లు, గట్లు, కాలువలు, చెరువులు ఉంటాయి. అడంగల్‌లో ఆ సర్వే నంబరులో ఎవరు సాగు చేస్తున్నారు, ఏ పంట వేశారు, నీటి ఆధారం ఏమిటి అన్న వివరాలు ఉంటాయి. ఈ రెండింటినీ కంప్యూటర్‌లో ముడివేస్తే, పటం మీద ఒక కయ్యను వేలితో తాకగానే దాని వివరాలన్నీ కనిపిస్తాయి. జీఐఎస్ అంటే ఇదే.

ఇందులో సమాచారం పొరలు పొరలుగా ఉంటుంది. అడుగున ఉపగ్రహ చిత్రం, దాని మీద సర్వే నంబర్ల గీతలు, ఆపైన కాలువలు, ఆపైన నేలల రకాలు, ఆపైన వరద మునిగిన మేర. ఏ పొర కావాలంటే ఆ పొర వేసుకుని, అక్కరలేనిది తీసేసుకోవచ్చు. రెండు పొరలు కలిపి చూసినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. ఉదాహరణకు మురుగు కాలువల పొర మీద వరద పొర పెట్టి చూస్తే, నీరు ఏ తూము దగ్గర ఆగిపోయిందో అర్థమవుతుంది.

ఒకప్పుడు ఈ పటాలు పెద్ద ఆఫీసుల్లో కంప్యూటర్లకే పరిమితం. ఇంటర్నెట్ వచ్చాక పద్ధతి మారింది. పటమంతా దూరంగా ఉన్న సర్వర్‌లో ఉంటుంది. మనం చూస్తున్న ఊరికి సంబంధించిన చిన్న చిన్న చదరపు ముక్కలు మాత్రమే ఫోన్‌కు వస్తాయి. వేలితో జరిపితే పక్క ముక్కలు వస్తాయి, దగ్గరగా లాగితే ఇంకా వివరమైన ముక్కలు వస్తాయి. అందుకే మామూలు ఫోన్‌లో కూడా దేశం మొత్తం పటం చూడగలుగుతున్నాం. సిగ్నల్ సరిగా లేని చోట పటం గళ్లు గళ్లుగా, ఖాళీగా కనిపించడానికి కారణం కూడా ఇదే.

మన తీరంలో మత్స్యకారులకు ఇది ఎప్పటి నుంచో అలవాటైన పద్ధతి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ సముద్రపు నీటి ఉష్ణోగ్రతను, నీటిలోని నాచు రంగును ఉపగ్రహాల ద్వారా గమనించి, చేపలు దొరికే అవకాశం ఉన్న ప్రాంతాలను దిక్కు, దూరం, లోతుతో సహా తెలుగులోనూ తెలియజేస్తోంది. సముద్రంలో పనికొచ్చిన ఈ విధానం పొలంలోనూ పనికొస్తుంది.

చిత్రాలు ఎక్కడి నుంచి వస్తాయి?

మన శ్రీహరికోట నుంచి వెళ్లిన ఉపగ్రహాలే వీటిలో కొన్నింటిని పంపుతున్నాయి. పంటల పరిశీలనకు వాడే రిసోర్స్‌శాట్-2 ఉపగ్రహాన్ని 2011 ఏప్రిల్ 20న, రిసోర్స్‌శాట్-2ఏను 2016 డిసెంబరు 7న అక్కడి నుంచే ప్రయోగించారు. ఇవి పంపే సమాచారాన్ని జాతీయ దూర సంవేదన కేంద్రం షాద్‌నగర్‌లో అందుకుంటుంది. ఆ సంస్థ తయారు చేసే పటాలను అందరూ చూసేందుకు ఇస్రో 2009 ఆగస్టులో ‘భువన్’ వెబ్‌సైట్‌ను ప్రారంభించింది. భూమి వినియోగం, బంజర్లు, వరద మునక వంటి పటాలు భువన్‌లో ఉన్నాయి.

ఇవి కాక ఐరోపా వారి సెంటినెల్ ఉపగ్రహాల చిత్రాలు కోపర్నికస్ బ్రౌజర్‌లో, అమెరికా వారి ల్యాండ్‌శాట్ చిత్రాలు వారి వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. గూగుల్ ఎర్త్‌లో ఇల్లు, చెట్టు కూడా గుర్తుపట్టేంత స్పష్టమైన చిత్రాలు ఉంటాయి గాని అవి ఈరోజువి కావు. కొన్ని నెలల కిందటివి, కొన్ని చోట్ల సంవత్సరాల కిందటివి. చిత్రం కింద తేదీ ఉంటుంది. ఆ తేదీ చూడకుండా ‘పటంలో ఇలా ఉంది’ అని వాదించకూడదు.

ఒక గడిలో ఎన్ని సెంట్లు?

ఉపగ్రహ చిత్రం చిన్న చిన్న చదరపు గళ్లతో తయారవుతుంది. వీటినే పిక్సెల్స్ అంటారు. ఒక గడి మొత్తానికి ఒకే రంగు ఉంటుంది. అంటే గడి కన్నా చిన్న విషయం విడిగా కనిపించదు. ఏ ఉపగ్రహం గడి మన లెక్కలో ఎంతో చూడండి.

- రిసోర్స్‌శాట్ ఏవైఫ్స్ కెమెరా: 56 మీటర్ల గడి, సుమారు 77 సెంట్లు.
- ల్యాండ్‌శాట్: 30 మీటర్ల గడి, సుమారు 22 సెంట్లు.
- రిసోర్స్‌శాట్ లిస్-3 కెమెరా: 23.5 మీటర్ల గడి, సుమారు 14 సెంట్లు.
- సెంటినెల్-2: 10 మీటర్ల గడి, సుమారు రెండున్నర సెంట్లు.
- రిసోర్స్‌శాట్ లిస్-4 కెమెరా: 5.8 మీటర్ల గడి, ఒక సెంటు కన్నా కొంచెం తక్కువ.

జిల్లాలో వరి ఎంత విస్తీర్ణంలో ఉందో లెక్కించడానికి 77 సెంట్ల గడి సరిపోతుంది. మీ అర ఎకరం కయ్యకు అది పనికిరాదు. సెంటినెల్-2లో అర ఎకరానికి సుమారు 20 గళ్లు వస్తాయి. అందులోనూ అంచున ఉన్న గళ్లలో గట్టు, దారి, పక్కవారి పంట కలిసిపోతాయి. 20 మీటర్ల వెడల్పు ఉన్న సన్నటి కయ్య అయితే అడ్డంగా రెండే గళ్లు, ఆ రెండూ అంచులే. కాబట్టి చిన్న కమతాల విషయంలో పటం చెప్పే దాన్ని ఒక సూచనగా మాత్రమే తీసుకోవాలి.

వరద పటాన్ని ఎలా చదవాలి?

తుఫాను రోజుల్లో ఆకాశమంతా మబ్బు. మామూలు కెమెరా ఉన్న ఉపగ్రహానికి మబ్బే కనిపిస్తుంది గాని పొలం కనిపించదు. అందుకే వరద పటాలకు రాడార్ ఉపగ్రహాలు వాడతారు. రాడార్ తరంగాలు మబ్బును దాటుకుని కిందికి వస్తాయి, రాత్రి కూడా పనిచేస్తాయి. 2022 ఫిబ్రవరి 14న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఈవోఎస్-04, ఐరోపా వారి సెంటినెల్-1 ఇటువంటివి. నిలకడగా ఉన్న నీటి మీద పడిన తరంగం అద్దం మీద వెలుగులా అవతలికి జారిపోతుంది, తిరిగి ఉపగ్రహానికి చేరదు. అందువల్ల నీరు ఉన్న చోటు చిత్రంలో నల్లగా కనిపిస్తుంది.

మన ప్రాంతంలో ఇక్కడే మూడు చిక్కులున్నాయి.

మొదటిది, దమ్ము చేసి నీరు పెట్టిన కయ్య కూడా నల్లగానే కనిపిస్తుంది. కొత్తగా నాటిన వరిలో నీరే ఎక్కువ, ఆకు తక్కువ. వరద కాలమూ నాట్ల కాలమూ ఒకటే అయిన మన తీరంలో ఏది వరద నీరో, ఏది మనం పెట్టుకున్న నీరో ఒక్క చిత్రంతో తేలదు. వరదకు ముందు చిత్రాన్ని, తర్వాత చిత్రాన్ని పక్కపక్కన పెట్టి చూడాలి. రొయ్యల గుంటలు ఏడాదిలో ఎక్కువ కాలం నల్లగానే ఉంటాయి కాబట్టి వాటిని కూడా తీసేసి చూడాలి.

రెండవది, ఉపగ్రహం మన కోసం ఆగదు. సెంటినెల్-1లో ఒక ఉపగ్రహం అదే దారిలో మళ్లీ రావడానికి 12 రోజులు పడుతుంది. మెరక కయ్యల్లో నీరు రెండు రోజులు నిలిచి మూడో రోజు తీసేస్తే, నాలుగో రోజు వచ్చిన ఉపగ్రహానికి అక్కడ వరద వచ్చినట్లే తెలియదు. ఆ రెండు రోజుల్లోనే చిన్న నారు కుళ్లిపోయి ఉండవచ్చు.

మూడవది, పైరు బాగా ఎదిగి దుబ్బు కట్టిన తర్వాత ఆకుల కింద నీరు నిలిచినా రాడార్‌కు స్పష్టంగా తెలియకపోవచ్చు. పొట్ట దశలో, ఈనిక దశలో మునక వల్ల జరిగే నష్టం ఎంత ఎక్కువో రైతుకు తెలుసు. పటానికి తెలియదు.

కాబట్టి వరద పటంలో మీ పొలం లేనంత మాత్రాన నష్టం లేదని కాదు. పటంలో ఉన్నంత మాత్రాన నష్టం రుజువైనట్లూ కాదు. చిత్రం తీసిన తేదీ, వేళ, అప్పటికి పైరు దశ, నీరు నిలిచిన రోజులు కలిపి చూడాలి. వీటిలో చివరి రెండూ రాసి పెట్టుకోవలసింది రైతే.

పచ్చదనం పటం చెప్పేది, చెప్పనిది

ఆరోగ్యంగా ఉన్న ఆకు ఎర్ర కాంతిని పీల్చుకుని, కంటికి కనిపించని పరారుణ కాంతిని ఎక్కువగా వెనక్కి పంపుతుంది. ఈ రెండింటి తేడాను బట్టి లెక్కించే సూచికను ఎన్‌డీవీఐ అంటారు. నీటికి ఇది సున్నా కన్నా తక్కువగా, ఖాళీ నేలకు 0.1 నుంచి 0.2 వరకు, దట్టమైన పైరుకు 0.6 నుంచి 0.8 వరకు ఉంటుంది. కోపర్నికస్ బ్రౌజర్‌లో సెంటినెల్-2 చిత్రాన్ని ఎంచుకుని ఎన్‌డీవీఐ నొక్కితే మీ పొలం రంగుల్లో కనిపిస్తుంది. రెండు ఉపగ్రహాలు కలిసి అయిదు రోజులకు ఒకసారి చిత్రం ఇస్తాయి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఆకాశం నిర్మలంగా ఉంటుంది కాబట్టి మన వరికి ఇది బాగా ఉపయోగపడుతుంది.

ఒకే కయ్యలో ఒక మూల మాత్రం ప్రతిసారీ వెలిసిపోయి కనిపిస్తుంటే అక్కడ ఏదో లోపం ఉన్నట్లే. ఆ లోపం నత్రజనిదా, జింకుదా, నీరు అందకా, ఉప్పా, తెగులా అనేది మాత్రం పటం చెప్పదు. ‘ఎక్కడ’ అని పటం చెబుతుంది. ‘ఏమిటి, ఎందుకు’ అనేది కయ్యలో దిగి చూసిన మనిషే చెప్పాలి. రంగు చూసి యూరియా చల్లడం, మందు కొట్టడం చేయకూడదు.

సుడిదోమ విషయంలో ఇది మరీ ముఖ్యం. దోమ ముందుగా దుబ్బు మొదళ్లలో చేరుతుంది. పైనుంచి చూసేవారికి పైరు పచ్చగానే ఉంటుంది. రెండున్నర సెంట్ల గడి రంగు మారేసరికి అక్కడ పైరు సుడులుగా ఎండిపోయి ఉంటుంది. అగ్గితెగులు తొలి మచ్చలు కూడా ఉపగ్రహానికి కనిపించవు. వారానికి ఒకసారి కయ్యలోకి దిగి దుబ్బులు విడదీసి చూడటానికి ఏ పటమూ బదులు కాదు.

ఉప్పు సమస్యకు పటం సాయం

తీర గ్రామాల్లో వరి కయ్యకూ రొయ్యల గుంటకూ మధ్య ఒక గట్టే ఉన్న చోట్లు చాలా ఉన్నాయి. గుంట నుంచి ఊట దిగి పక్క కయ్య చౌడు బారుతోందని వరి రైతు అంటాడు. ఆ నేల ముందు నుంచీ చౌడేనని గుంట రైతు అంటాడు. ఇటువంటి తగాదాల్లో పటం ఉపయోగపడుతుంది గాని తీర్పు చెప్పలేదు.

గూగుల్ ఎర్త్‌లో పాత చిత్రాలు చూసే సదుపాయం ఉంది. దానితో గుంట ఏ సంవత్సరం తవ్వారో, అంతకు ముందు పక్క కయ్యలో పంట ఉందో లేదో తెలుసుకోవచ్చు. ఇంకా వెనక్కి, మన తీరంలో రొయ్యల సాగు ఊపందుకున్న 1990ల తొలి రోజులకు వెళ్లాలంటే ల్యాండ్‌శాట్ చిత్రాలు చూడాలి. గడి పెద్దదే అయినా చెరువుల గుంపులు స్పష్టంగా కనిపిస్తాయి.

నేలలో ఉప్పు ఎంత ఉందో చిత్రం కొలవలేదు. చౌడు పొర తెల్లగా మెరుస్తుంది, మన తీరపు ఇసుక కూడా తెల్లగానే మెరుస్తుంది. రెండింటినీ వేరు చేయాలంటే మట్టి పరీక్షే దారి. సంతృప్త మట్టి ద్రావణంలో లవణ సూచిక మీటరుకు 4 డెసీసైమన్లు దాటితే ఆ నేలను ఉప్పు నేలగా పరిగణిస్తారు. వరిలో 3 దాటినప్పటి నుంచే దిగుబడి తగ్గడం మొదలవుతుంది. ప్రయోగశాలలు వేరే పద్ధతిలో కొలిస్తే అంకెలు మారతాయి కాబట్టి ఏ పద్ధతిలో కొలిచారో అడిగి రాసుకోవాలి.

చేయవలసిన పని ఇది. గుంట గట్టు నుంచి 10, 50, 100 మీటర్ల దూరంలో విడివిడిగా మట్టి నమూనాలు తీయాలి. తీసిన ప్రతి చోట ఫోన్‌లో అక్షాంశ, రేఖాంశాలు రాసుకోవాలి. ఫలితాలు వచ్చాక పటం మీద ఆ చుక్కల పక్కన అంకెలు వేయాలి. గట్టు దగ్గర ఎక్కువగా ఉండి దూరం పోయేకొద్దీ తగ్గుతుంటే ఊట మీద అనుమానానికి ఆధారం దొరికినట్లే. అన్ని చోట్లా ఒకేలా ఉంటే కారణం వేరే చోట వెతకాలి. బోరు నీటిని కూడా పరీక్షించాలి. రెండేళ్లకొకసారి అవే చోట్ల మళ్లీ తీస్తే మార్పు తెలుస్తుంది. గుంట రైతులు కూడా తమ ఊట కాలువ ఎక్కడుందో, నీరు ఎక్కడికి వదులుతున్నారో పటంలో చూపించగలిగితే సగం తగాదాలు ఊళ్లోనే తీరుతాయి.

ఫోన్ కొలత ఎంతవరకు నమ్మాలి?

ఆరుబయట ఫోన్ జీపీఎస్ చూపే చోటులో 3 నుంచి 5 మీటర్ల తేడా మామూలే. చెట్ల కింద, పాత ఫోన్‌లో ఇంకా ఎక్కువ ఉండవచ్చు. ఇది చిన్న తేడాలా కనిపిస్తుంది గాని లెక్క చూడండి. 45 మీటర్ల పొడవు, 45 మీటర్ల వెడల్పు ఉన్న కయ్య సరిగ్గా అర ఎకరం. పొడవు, వెడల్పుల్లో 3 మీటర్లు ఎక్కువ పడితే 57 సెంట్లు అవుతుంది, 3 మీటర్లు తక్కువ పడితే 44 సెంట్లకు కొంచెం తక్కువ చూపుతుంది. కయ్య చిన్నదయ్యేకొద్దీ తప్పు పెరుగుతుంది.

గూగుల్ పటంలో అడుగున ఉన్న చిత్రం కూడా కొన్ని చోట్ల కొన్ని మీటర్లు పక్కకు జరిగి ఉండవచ్చు. మీ బోరు దగ్గర నిలబడి చూసి, పటంలో ఆ బోరు ఉన్న చోటే చుక్క పడుతోందో లేదో సరిచూసుకోవాలి.

కాబట్టి విత్తనం, ఎరువు, మందు మోతాదు లెక్కకు ఫోన్ కొలత సరిపోతుంది. సరిహద్దు తగాదాకు, రిజిస్ట్రేషన్‌కు పనికిరాదు. భూముల రీసర్వేలో వాడే రోవర్ పరికరం సెంటీమీటర్ల తేడాతో కొలుస్తుంది. గట్టు విషయం దాని ద్వారానే, సర్వేయరు సమక్షంలోనే తేల్చుకోవాలి.

ఫోన్‌లో, వెబ్‌సైట్లలో కనిపించే ‘ఎత్తు’ అంకెను మన తీరంలో అసలు నమ్మవద్దు. ఉపగ్రహాల ద్వారా తయారైన ఎత్తుల పటాల్లో కొన్ని మీటర్ల తేడా ఉంటుంది. మన దగ్గర ఊరంతటికీ కలిపి మెరకకూ పల్లానికీ తేడా ఒకటి రెండు మీటర్లే. ఆ పటం చూసి మురుగు కాలువ తవ్వితే నీరు వెనక్కి రావచ్చు. వాటం చూడటానికి డంపీ లెవెల్ గాని, కనీసం నీటి గొట్టం గాని వాడాలి.

పొలం పటం తయారు చేసుకునే పద్ధతి

వానలు మొదలుకాక ముందే, సెప్టెంబరులోగా ఈ పని పూర్తి చేసుకోవాలి. ఫోన్ వాడటం రాని రైతులు చదువుకున్న పిల్లల సాయం తీసుకోవచ్చు.

1. ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి, కయ్య నాలుగు మూలలా నిలబడి అక్షాంశం, రేఖాంశం రాసుకోండి. చుక్క తర్వాత అయిదు అంకెలు ఉండాలి. అయిదో అంకె అంటే సుమారు ఒక మీటరు. నాలుగు అంకెలతో ఆపితే 11 మీటర్ల వరకు తేడా వస్తుంది.

2. అక్షాంశం ముందు, రేఖాంశం తర్వాత రాయండి. మన తీరంలో అక్షాంశం పదమూడున్నర నుంచి 15 డిగ్రీల మధ్య, రేఖాంశం 80 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. ఈ రెండూ తారుమారైతే మీ కయ్య ఉత్తర ధ్రువం దగ్గర మంచు ద్వీపాల్లో కనిపిస్తుంది.

3. గూగుల్ ఎర్త్‌లో ఆ మూలలను కలుపుతూ గీత గీసి, సర్వే నంబరు పేరుతో భద్రపరచండి. దాన్ని కేఎంఎల్ ఫైలుగా దించుకుంటే భువన్ వంటి ఇతర పటాల మీద కూడా వేసుకోవచ్చు.

4. బోరు, మోటారు, తూము, మురుగు కాలువ, దగ్గరలోని కరెంటు స్తంభం గుర్తించండి. వరదలో గట్లు మునిగినా స్తంభం కనిపిస్తుంది.

5. ఒకే చోట నిలబడి, ఒకే దిక్కుకు తిరిగి, పైరు ప్రతి దశలో ఒక ఫొటో తీయండి. నారుమడి, నాటు, పిలకలు, పొట్ట, ఈనిక, కోత. ఒక ఫొటోలో స్తంభం వంటి గుర్తు రావాలి, ఇంకొకటి పైరుకు దగ్గరగా తీయాలి.

6. మునక వస్తే నీరు ఎక్కిన రోజు, నిలిచిన రోజుల్లో రోజుకొకసారి, తీసిన రోజు ఫొటోలు తీయండి. నీటిలో ఒక కర్ర నిలబెట్టి లోతు చూపండి. ప్రాణానికి ప్రమాదం ఉన్న చోటికి, పొర్లుకట్ట మీదికి ఫొటో కోసం వెళ్లవద్దు.

7. ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే అందులోని చోటు, వేళ వివరాలు పోతాయి. డాక్యుమెంటుగా పంపండి. అసలు ఫొటోను ఫోన్‌లోనే ఉంచి, ఇంకొక చోట కూడా నకలు దాచుకోండి.

8. ఒక నోటుపుస్తకంలో తేదీ, పైరు రకం, దశ, నీటి లోతు, ఎన్ని రోజులు అన్నవి రాయండి. ఫోన్ తడిసినా పుస్తకం మిగులుతుంది.

ఈ-పంట నమోదు సరిచూసుకోండి

ధాన్యం కొనుగోలుకు, పంట బీమాకు, నష్టపరిహారానికి ఈ-పంట నమోదే ఆధారం. గ్రామ వ్యవసాయ సహాయకులు పొలం దగ్గర ఫొటో తీసినప్పుడు చోటు వివరాలు కూడా నమోదవుతాయి. సర్వే నంబరు, పంట, రకం, విస్తీర్ణం, సాగుదారు పేరు సరిగా ఉన్నాయో లేదో మీరే దగ్గరుండి చూసుకోవాలి. జాబితాను రైతు సేవా కేంద్రంలో ప్రదర్శించినప్పుడు మరోసారి చూసి, తప్పులుంటే గడువులోగా రాతపూర్వకంగా తెలపాలి. రీసర్వే జరిగిన గ్రామాల్లో పాత సర్వే నంబరుకు బదులు కొత్త ల్యాండ్ పార్సెల్ నంబరు ఉంటుంది. రెండింటినీ రాసి పెట్టుకోవాలి.

కౌలు రైతులకు ఇది మరింత ముఖ్యం. భూమి రికార్డులో యజమాని పేరే ఉంటుంది. ఉపగ్రహానికి పంట కనిపిస్తుంది గాని ఎవరు పండించారో కనిపించదు. సాగు హక్కు పత్రం తీసుకుని, ఈ-పంటలో సాగుదారుగా తమ పేరు నమోదు చేయించుకోవాలి. అది లేకుండా ఎన్ని ఫొటోలున్నా పరిహారం దగ్గర ఇబ్బంది తప్పదు.

ఫసల్ బీమా నిబంధనల ప్రకారం స్థానిక విపత్తుల నష్టాన్ని, కోత తర్వాత పొలంలో ఆరబెట్టిన పంట నష్టాన్ని 72 గంటల్లోగా తెలియజేయాలి. ఏ పంటకు ఏ నష్టం వర్తిస్తుందో ఆ సీజను నోటిఫికేషన్‌లో ముందుగానే తెలుసుకోవాలి. మీ పొలం పటం సిద్ధంగా ఉంటే ఆ మూడు రోజులూ వివరాలు వెతుక్కోవడానికి పోవు.

ఊరంతా కలిసి మురుగు కాలువల పటం

ఒక్క రైతు పటం పరిహారానికి పనికొస్తుంది. ఊరి పటం అసలు మునకనే తగ్గిస్తుంది. నీరు ఒకరి గట్టు దగ్గర ఆగదు. పూడిపోయిన కాలువ, మూసుకుపోయిన తూము, గుర్రపు డెక్క నిండిన మళ్లు, అడ్డంగా వేసిన దారి, బకింగ్‌హాం కాలువలోకి పోవలసిన నీరు ఆగే చోటు, ఇవి ఊరి రైతులకు తెలిసినట్లు ఏ ఉపగ్రహానికీ తెలియవు.

పదిమంది రైతులు వేసవిలో, ఎడగారు పనులు మొదలుకాక ముందు రెండు రోజులు నడిస్తే చాలు. గూగుల్ మై మ్యాప్స్‌లో ఒకే పటాన్ని అందరూ పంచుకుని, అడ్డంకి ఉన్న ప్రతి చోటా చుక్క పెట్టి ఫొటో జోడించవచ్చు. కాలువను ఒక రంగు గీతతో, కిందటి వరదలో నీరు నిలిచిన మేరను ఇంకొక రంగుతో చూపాలి. దాన్ని కాగితం మీద ముద్రించి గ్రామసభలో పెట్టి, నీటి వినియోగదారుల సంఘం తరఫున జలవనరుల శాఖకు అర్జీతో జత చేయాలి. ‘మా కాలువ పూడిపోయింది’ అనే మాట కన్నా, ‘ఈ పదకొండు చోట్ల పూడిపోయింది, చోట్లు ఇవి, ఫొటోలు ఇవి’ అనే అర్జీకి అంచనాలు వేయడం అధికారులకూ సులువు. పని జరిగిందో లేదో మరుసటి ఏడాది అదే పటంతో సరిచూడవచ్చు.

తప్పనిసరి జాగ్రత్తలు

- పొలం కొలుస్తామని చెప్పి ఆధార్, బ్యాంకు వివరాలు, ఓటీపీ అడిగే యాప్‌లను వాడవద్దు. పటం చూడటానికి అవి అక్కరలేదు.
- పక్కవారి పొలం చిత్రం చూపి సామాజిక మాధ్యమాల్లో ఆరోపణలు చేయవద్దు. అనుమానం ఉంటే పరీక్షల ఫలితాలతో సంబంధిత శాఖకు అర్జీ ఇవ్వండి.
- పటం మీద గీసిన గీత భూమి హక్కు పత్రం కాదు.
- వరద హెచ్చరికలకు వాట్సాప్‌లో తిరిగే పటాలు నమ్మవద్దు. వాతావరణ శాఖ బులెటిన్లు, కేంద్ర జలసంఘం వారి ఫ్లడ్‌వాచ్ ఇండియా యాప్ చూడండి.
- చిత్రం ఏదైనా సరే, ముందు దాని తేదీ చూడండి.

పొలం పటం తయారీలో, మట్టి నమూనాలు తీయడంలో సందేహాలుంటే మీ గ్రామ రైతు సేవా కేంద్రాన్ని గాని, నెల్లూరు కృషి విజ్ఞాన కేంద్రాన్ని గాని సంప్రదించవచ్చు. కిసాన్ కాల్ సెంటర్ ఉచిత నంబరు 1800-180-1551కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. నారు పోసే ముందే కయ్య నాలుగు మూలలూ నడిచి, తొలి ఫొటో తేదీతో సహా దాచుకోండి. వరదకు ముందు పొలం ఎలా ఉందో చూపే ఫొటో వరద వచ్చాక తీయలేము.